ఎర్రవాగు మీద పన్నెండు మెగాహెర్ట్జ్

శ్రావణ మాసంలో జగిత్యాల మామిడి మార్కెట్‌కు వచ్చి మామిడికాయలు అడిగే మనిషి పిచ్చివాడైనా అయి ఉండాలి, గూఢచారి అయినా అయి ఉండాలి.

"బంగినపల్లి ఉన్నదా?" అని అడిగింది రత్నమాల.

మూసి ఉన్న షెడ్డు ముందు ఖాళీ ట్రేల మీద కూర్చున్న పెద్దమనిషి పేపర్‌లోంచి తల ఎత్తలేదు. "అయిపోయింది. పచ్చడి కాయ మిగిలింది."

"కారం నేనే తెచ్చుకున్న."

కోడ్ సరిపోయింది. పెద్దమనిషి పేపర్ మడిచాడు. ఆయన పేరు జనార్దన్. ఆయన నడిపే శాఖకు హైదరాబాద్‌లో ఒక ఆఫీసు ఉంది. దాని బోర్డు మీద ఏదో సర్వే విభాగం అని ఉంటుంది కానీ లోపల ఎవరూ ఏదీ సర్వే చేయరు. ఫోన్‌లో ఆయన పేరు సేటు. రత్నమాల పేరు కండె. ఆమె సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే ఇంట్లో పుట్టిన మనిషి కాబట్టి ఆయనే ఆ పేరు పెట్టాడు. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె కడుపులో కూర్చుని దారం వదిలే కండె ఎవరికీ కనపడదు, అది ఆగితే మాత్రం గుడ్డ ఆగిపోతుంది. ప్రమాదం వచ్చి కాంటాక్ట్ కట్ చేయాల్సి వస్తే చెప్పాల్సిన మాట కూడా ఆయనే పెట్టాడు: 'పోగు తెగింది'.

"విను," అన్నాడు సేటు. "గల్ఫ్‌లో ఒక ముఠా ఉంది. లీడర్ పేరు వెర్నర్. ఏ దేశం వాడో వాడి పాస్‌పోర్టులకే తెలియదు. డ్యాముల గేట్లు ఎత్తే డబ్బా ఒకటి తయారు చేశాడు. అరచేతిలో పడుతుంది. లోపల మైక్రోకంట్రోలర్ చిప్పు. గేట్ల ప్యానెల్‌కు తగిలించి బటన్ నొక్కితే చెప్పిన టైముకు అన్ని గేట్లూ ఒకేసారి లేస్తాయి. కొనడానికి నాలుగు దేశాల నుంచి పార్టీలున్నాయి. వాళ్లకు లైవ్‌లో డెమో చూపిస్తాడు. ఇవాళ సాయంత్రం ఐదింటికి."

"ఎక్కడ?"

"అదే తెలియదు. ఈ చుట్టుపక్కలే, ఏదో చిన్న ప్రాజెక్టు మీద. కోరుట్లలో సింధూజ అని బొటిక్ నడిపే ఆమెకు తెలుసు. ముఠాకు పని చేస్తుంది, మనకూ పని చేస్తుంది. ఏ పూట ఎవరికో దేవుడికే తెలియాలి. ప్లేస్ కనుక్కో, నాకు చెప్పు, వెనక్కి వచ్చెయ్. డబ్బాను మాత్రం ముట్టుకోకు."

ముట్టుకోకపోతే గేట్లు లేస్తాయి కదా అని రత్నమాల అడిగింది. ఆ సంగతి తను చూసుకుంటానని సేటు అన్నాడు. అంటున్నప్పుడు ఆయన మళ్లీ పేపర్ విప్పాడు. అది ఆమెకు నచ్చలేదు.

శాఖ ఇచ్చిన ఆయుధాలు హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్నాయి. లిప్‌స్టిక్‌లో కెమెరా, చెవి కమ్మలో మైక్. అవి రెండూ పని చేస్తాయని ఇచ్చినవాళ్లు గట్టిగా చెప్పలేదు. వాటితో పాటు ఆమె సొంతంగా పెట్టుకున్నవి ఒక చిన్న ల్యాప్‌టాప్, మిషన్లను ల్యాప్‌టాప్‌కు కలిపే బొటనవేలంత యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్, మూడు వైర్లు. ఇవాళ్టి వేషానికి అవి కావాలి. ఎంబ్రాయిడరీ మిషన్లు బాగు చేసే మెకానిక్‌గా వెళ్తోంది మరి.

కోరుట్ల బొటిక్‌లో ఏసీ చల్లగా ఉంది, అద్దాలు నిలువెత్తున ఉన్నాయి, వాటన్నిటిలోనూ సింధూజ ఉంది. జుట్టులోకి ఎత్తి పెట్టిన నల్ల కళ్లద్దాలు, ఎర్రటి గోళ్లు, మనిషి కన్నా ముందు వచ్చే అత్తరు వాసన. కోరుట్లలో పెళ్లి కుదిరితే ముందు ఈమె దగ్గరికే వస్తారట, ముహూర్తం తర్వాత సంగతి.

"మిషన్ డిజైన్ తప్పుతుందంట," అంది రత్నమాల.

"పోగు మంచిగనే ఉన్నది. చెయ్యే తప్పింది," అంది సింధూజ. కోడ్ సరిపోయింది. లోపలి గదిలోకి తీసుకెళ్లి, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ ఆన్ చేసి, ఆ చప్పుడు కింద మాట్లాడటం మొదలుపెట్టింది.

ఆమె తమ్ముడు రమేశ్ గల్ఫ్‌లో ఒక క్యాంపులో ఉన్నాడు. అతని పాస్‌పోర్టు వెర్నర్ దగ్గర ఉంది. సెలవు మీద వచ్చే ఒకాయన కార్టన్‌లో దుప్పట్ల మధ్య పెట్టి పంపిన డబ్బాను తీసుకుని వెర్నర్‌కు అప్పగించడం ఆమె పని. చేయకపోతే తమ్ముడు తిరిగి రాడు. చేసింది. ఆ తర్వాతే అది ఏమిటో తెలిసింది, తెలిసిన రోజే సేటుకు కబురు పెట్టింది.

డబ్బా ఉన్నది కోనరావుపేట అవతల ఎర్రవాగు ప్రాజెక్టు మీద. ఉదయం తొమ్మిదింటికే వెర్నర్ బటన్ నొక్కేశాడు. ప్రాజెక్టు కింద వాగు ఇసుకలో పోచమ్మ గద్దె ఉంది. ఇవాళ బోనాలు. ఐదు గంటలకు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లంతా బోనాలెత్తుకుని సరిగ్గా ఆ ఇసుకలో ఉంటారు. కెమెరాలో బాగా కనపడుతుందని వెర్నర్ ఆ టైము ఏరుకున్నాడు.

కోపం వస్తే రత్నమాల చేతులు పని వెతుక్కుంటాయి. మిషన్ మీద వదులుగా ఉన్న స్క్రూ ఒకటి బిగించింది.

"జనాన్ని ఆపుతే అయిపోదా?" అని అడిగింది చివరికి.

"వాడు కట్ట మీదనే ఉంటడు అక్కా, దుర్బీను పట్టుకొని. జనం కదిలిండ్రంటే రిమోట్ ఒత్తుతడు. డబ్బా వైరు కోసినవనుకో, అర నిమిషంల బ్రేకులు వదులుతది. అవి బరువు రాళ్ల మీద తూగే పాత గేట్లు, వాటంతట అవే లేస్తయ్. దానితోని మాట్లాడి ఆపుడొక్కటే. రెండు మాటలున్నయ్ దానికి. ఒక మాట కొడితే బంద్ అయితది. ఇంకో మాట కొడితే అప్పటికప్పుడే గేట్లు లేస్తయ్. బంద్ చేసే మాట ఫాల్కన్."

"అది బంద్ చేసేదే అని ఏం నమ్మకం?"

"వాడు ఫోన్ల చెప్పంగ ఇన్న."

"నిన్నెట్ల నమ్మాలె?"

సింధూజ అద్దంలో తనను తాను చూసుకుంది. "నమ్మకు అక్కా. ఐదింటికి నేను యాడ ఉంటనో చూడు, చాలు."

బయటికి వచ్చేటప్పుడు ఇంకో మాట చెప్పింది. కార్టన్ దించేటప్పుడు డబ్బా కింద పడి ఆగిపోయిందట. ఇంకొకటి తెప్పించే టైము లేక వెర్నర్ ఇక్కడే రిపేరు చేయించమన్నాడట. బోరు మోటారు టైమర్ అని చెప్పి సిరిసిల్లలో సాంచాల కరెంటు కార్డులు రిపేరు చేసే సామేలు షాపులో బాగు చేయించి తెచ్చింది. డబ్బా విప్పి చూసిన మనిషి ఇక్కడ ఆయన ఒక్కడే.

"చెయ్యి జారిందని వెర్నర్‌కు చెప్పిన," అంది సింధూజ. "జారలే. పడేసిన. పలుగుతదనుకున్న."

స్కూటర్ మీద వేములవాడ చేరేసరికి ఆదివారం రద్దీ రోడ్డు మీదికి వచ్చేసింది. బస్టాండ్ పక్కన ఆగి రత్నమాల సేటుకు ఫోన్ చేసింది. ప్లేస్ చెప్పింది, పోచమ్మ గద్దె సంగతి చెప్పింది, రిమోట్ సంగతి చెప్పింది.

"గుడ్ వర్క్," అన్నాడు సేటు. "ఇక వచ్చెయ్. కొనేవాళ్లు లైవ్‌లోకి వచ్చాకే మనవాళ్లు ట్రేస్ చేయగలుగుతారు. డెమో ఆగిపోతే స్క్రీన్లు ఆరిపోతాయి, అందరూ జారుకుంటారు."

"వాగుల ఆడోళ్లుంటరు సార్. పిల్లలుంటరు."

ఆయన, దేశంలో చాలా పెద్ద డ్యాములున్నాయనీ, వాటి కింద చాలా పెద్ద ఊళ్లున్నాయనీ, ఇలాంటప్పుడు ఏది పెద్దదో చూసుకోవాలనీ నెమ్మదిగా చెప్పాడు. చెడ్డవాడు కాదు సేటు. హైదరాబాద్‌లో కూర్చుంటే ఎర్రవాగు చిన్నగానే కనపడుతుంది. ఆ నెమ్మదితనమే రత్నమాలకు ఒళ్లు మండించింది.

"సేటూ," అంది. "పోగు తెగింది."

ఫోన్ ఆపలేదు. కరీంనగర్ పోయే బస్సు కదులుతుంటే కిటికీలోంచి వెనక సీటు సందులోకి జారవిడిచింది. ఆ మధ్యాహ్నమంతా హెడ్‌క్వార్టర్స్ మ్యాప్ మీద ఏజెంట్ కండె ఆజ్ఞ శిరసావహించి కరీంనగర్ వైపు బుద్ధిగా ప్రయాణం చేసింది.

సిరిసిల్లలో సామేలు అప్పుడే ప్రార్థన నుంచి వచ్చి, తెల్ల చొక్కా మీద నూనె మరకలు పడకుండా తువ్వాల కప్పుకుని షాపు తెరిచాడు. పక్క గల్లీలో సాంచాలు కొట్టుకుంటున్నాయి. ఆ చప్పుడు వింటూ పుట్టిన రత్నమాలకు ఏ సాంచా ఒక్క దెబ్బ ఆలస్యంగా కొట్టినా ఇప్పటికీ చెవిలో ముల్లులా గుచ్చుకుంటుంది.

"బోరు టైమర్ గదా? కోరుట్ల మేడం తెచ్చింది," అన్నాడు సామేలు. "గుర్తుంది బిడ్డా. పక్కకు మూడు పిన్నులుంటయ్, కంప్యూటర్ తగిలిచ్చేటియి. పడేసరికి లోపల క్రిస్టల్ పలిగింది. పదహారుది. గది నా దగ్గర లేకుండె. సచ్చిన డాబీ కార్డుల నుంచి పన్నెండుది పీకి ఏసిన. బంగారమోలె నడిచింది. లైటు టకటక కొట్టుకున్నది."

క్రిస్టల్ అంటే పాటకు వేసినట్టు చిప్పుకు తాళం వేసే ముక్క. అది సెకనుకు ఎన్ని దెబ్బలు కొడితే చిప్పు అంత వేగంతో నడుస్తుంది. పదహారు మెగాహెర్ట్జ్‌ది పోతే పదహారుదే వేయాలని పుస్తకాలు చెబుతాయి. డాబీ అంటే సాంచా మీద డిజైన్ తీసే పరికరం, దాని కార్డు చచ్చినా సిరిసిల్లలో ఎవరూ పారేయరు. దాని ముక్కలు ఇంకో కార్డులో బతకాలి. గుడ్డ పడితే సాంచా బాగున్నట్టు, లైటు కొట్టుకుంటే డబ్బా బాగున్నట్టు. ఈ ఊరి టెస్టింగ్ అంతే, దానికే ఇన్నేళ్లుగా ఊరు నడుస్తోంది. రత్నమాల మనసంతా ఆ మూడు పిన్నుల మీద ఉండటంతో క్రిస్టల్ మాట చెవిన పడి పక్కకు పోయింది. దండం పెట్టి లేచింది.

దారిలో వేషం మార్చింది. పసుపు చీర, నుదుట పెద్ద బొట్టు, నెత్తిన వేపమండలు కట్టిన బోనం, చంకలో గంప. గంపలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, ఒక పొట్లంలో ఎర్రకారం, వాటి అడుగున అరిటాకు, అరిటాకు అడుగున ల్యాప్‌టాప్. ప్రాజెక్టు కట్ట ఎక్కే ఆడమనిషిని దుర్బీనులో ఎవరు చూసినా బోనమే కనపడుతుంది.

గేట్ల గది కాపలాదారు నర్సన్న తలుపు దగ్గరే ఉన్నాడు. గోడకు బిగించిన డబ్బా వాన కొలిచే మిషన్ అని, కంపెనీ వాళ్లు పెట్టిపోయారని చెప్పాడు. రత్నమాల అసలు సంగతి చెప్పింది. చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడలేకపోయింది. ఆయన భార్య గంగవ్వ, కూతురు శ్వేత అప్పటికే కింద ఇసుకలో ఉన్నారు. శ్వేత ఈ ఏడే మొదటిసారి బోనం ఎత్తుకుంది.

నర్సన్న తువ్వాల నడుముకు చుట్టి మెట్ల వైపు పరుగు తీయబోయాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు దిగినవంటే వాడు ఒత్తుతడు అన్నా. నాకు కొంచెం టైమియ్యి."

"నీకెంత టైమియ్యాలె చెల్లె? గక్కడున్నది నా బిడ్డ."

ఆమె బోనం, గంప దించి అరిటాకు పక్కకు లాగింది. నర్సన్న తలుపు వెనక నిలబడ్డాడు. డప్పులు కింది నుంచి వినపడుతున్నాయి.

డబ్బా మీద ఆకుపచ్చ లైటు వెలిగి ఆరుతోంది. పక్కన మూడు పిన్నులు. ఒకటి పంపేది, ఒకటి అందుకునేది, ఒకటి గ్రౌండ్. డబ్బా పంపే పిన్ను నుంచి కన్వర్టర్ అందుకునే పిన్నుకు ఒక వైరు, ఇటు నుంచి అటు ఇంకొకటి. ల్యాప్‌టాప్ తెరిచింది. డబ్బా తన పరిస్థితి గురించి కొద్దికొద్ది సేపటికి ఒక లైను పంపుతోంది. ఆ లైను అక్షరాల్లో రావాలి. వచ్చింది ఇది:

ÿ■~x?□¥ü■■

తర్వాతి లైను ఇంకో రకం చెత్త. దాని తర్వాత మూడో రకం.

మూడో వైరు పెట్టలేదని అప్పుడు చూసుకుంది. గ్రౌండ్. సాంచాల కార్ఖానాలో పెరిగినవాళ్లకు ఎర్తు వైరు అంటే చిన్నచూపు, అది లేకుండానే బతుకు నడుస్తుందనుకుంటారు. ఆ అలవాటు ఆమెకూ పోలేదు. రెండు మిషన్లు మాట్లాడుకోవాలంటే రెంటికీ కాలి కింద నేల ఒకటే కావాలి. తనను తాను తిట్టుకుంటూ మూడో వైరు తగిలించింది.

ఇంకా చెత్తే. కానీ ఈసారి ప్రతి లైనూ అదే చెత్త. అచ్చం అదే.

రత్నమాలకు కొంచెం ఊపిరి వచ్చింది. ఇది గోల కాదు. డబ్బా శుభ్రంగా మాట్లాడుతోంది, ల్యాప్‌టాప్‌కే వినడం రావడం లేదు. అంటే వేగం తేడా. డబ్బా ఏ వేగంతో అక్షరాలు పంపుతోందో ల్యాప్‌టాప్ సరిగ్గా అదే వేగంతో అందుకోవాలి, దాన్నే బాడ్ రేట్ అంటారు. మామూలుగా 9600 ఉంటుంది. దానితోనే మొదలుపెట్టింది. 4800 పెట్టింది. 19200 పెట్టింది. మెనూలో ఉన్నవన్నీ పెట్టింది. ప్రతిసారీ కొత్త రకం చెత్త, అదీ పదేపదే. ప్యారిటీ, స్టాప్ బిట్లు అనే మిగతా సెట్టింగులూ మార్చింది. లాభం లేదు.

కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగింది. మళ్లీ తెరిచేసరికి ఎదురుగా ఆ లైటు. వెలగడం, ఆరడం, వెలగడం. ఏదో తేడాగా ఉంది. సాంచా దెబ్బ ఆలస్యమైనప్పుడు చెవిలో గుచ్చుకునే ముల్లే ఇప్పుడు కంట్లో గుచ్చుకుంది. ఇలాంటి లైటు సెకనుకు ఒకసారి వెలగాలి. చేతి గడియారం పక్కన పెట్టి చూసింది. లైటు మూడుసార్లు వెలిగేలోపు గడియారంలో నాలుగు సెకన్లు పోతున్నాయి.

మూడుకు నాలుగు. పన్నెండుకు పదహారు.

సామేలు క్రిస్టల్. చచ్చిన డాబీ కార్డు క్రిస్టల్. పదహారు కోసం రాసిన ప్రోగ్రాం పన్నెండు మీద నడుస్తోంది. దాని మాట నిదానం, దాని గడియారం నిదానం. 9600 అనుకుని అది పంపుతున్నది నిజానికి అందులో ముప్పావు వంతు. అంటే 7200. ఈ మెనూలో లేని అంకె. ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. ఐదింటికి లేవాల్సిన గేట్లు ఐదింటికి లేవవు.

"చేతులు పైకెత్తు," అన్నాడు వెనక నుంచి ఎవడో ఇంగ్లిష్‌లో.

వెర్నర్. మెడలో దుర్బీను, పక్షులు చూసేవాళ్లు పెట్టుకునే టోపీ, కుడి చేతిలో పిస్టల్, ఎడమ చేతిలో రిమోట్. తలుపు వెనక నర్సన్న ఉన్నట్టు వాడు చూడలేదు.

రత్నమాల చేతులెత్తింది. వాడు గడియారం చూసి, కొద్దిసేపు ఆగితే మంచి దృశ్యం చూడొచ్చని మర్యాదగా చెప్పాడు. ఈ చోటునే ఎందుకు ఏరుకున్నావని ఆమె అడిగింది. పెద్ద కారణమేమీ లేదన్నాడు. మునిగినా ప్రపంచంలో ఎవరూ పేరు అడగని చోటు కావాలి, మ్యాప్‌లో చూస్తే ఇది దొరికింది.

వాడికి తెలుగు రాదని ఆమెకు తెలుసు. అయినా ఆ మాట తెలుగులోనే చెప్పాలనిపించింది.

"మేం నీకు డెమో పీసులమారా? మ్యాప్‌ల పేరు లేకపోతేంది, ఇసుకల మేమున్నం. ఐదు కొట్టనియ్యి. ఒక్క గేటు లేస్తే నా పేరు మార్చుకుంట."

ఐదు కొట్టింది.

డప్పులు మోగుతున్నాయి. గేట్లు కదల్లేదు. వెర్నర్ గడియారం చూశాడు, డబ్బా చూశాడు, మళ్లీ గడియారం చూశాడు. రిమోట్ నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. రిమోట్ మాట 9600లో పోతోంది, డబ్బా చెవి 7200లో ఉంది. సొంత యజమాని అరుస్తున్నా దానికి చెత్తలాగే వినపడుతోంది. వాడు బొటనవేలు తెల్లబడేదాకా నొక్కుతుంటే రత్నమాల చెయ్యి మెల్లగా గంపలోకి దిగింది. కారం నేనే తెచ్చుకున్నానని ఆమె పొద్దున్నే చెప్పింది కదా.

పొట్లం సగం వాడి కళ్లలో పడింది. పిస్టల్ పైకప్పుకు పేలింది. తలుపు వెనక నుంచి నర్సన్న వచ్చి తువ్వాలతో వాడి మెడను వెనక్కి లాగాడు, ఇన్నేళ్లు గేట్ల చక్రం తిప్పిన చేతులవి. వెర్నర్ గుడ్డిగా గోడను పట్టుకోబోయి, చేతికందిన డబ్బా పవర్ వైరును పట్టుకుని కింద పడ్డాడు. వైరు ఊడొచ్చింది.

ఆకుపచ్చ లైటు ఎర్రగా మారింది. డబ్బా లోపలి బ్యాటరీ మీద కీచుమనడం మొదలుపెట్టింది.

అర నిమిషం. ఆ తర్వాత బ్రేకులు వదులుతాయి. ఇప్పుడు అరిచినా కింద ఒక్కరు కూడా ఒడ్డెక్కలేరు. రత్నమాల ల్యాప్‌టాప్ ముందు మోకాళ్ల మీద పడి మెనూ పక్కన పెట్టి అంకె సొంతంగా కొట్టింది. 7200.

స్క్రీన్ తేటపడింది. చెత్త పోయి అక్షరాలు వచ్చాయి. పవర్ పోయింది, గేట్లు లేవడానికి ఇంత టైముంది అని డబ్బా లైను వెనక లైను చెబుతోంది. అంకెలు తగ్గుతున్నాయి.

ఫాల్కన్ అని కొట్టింది. చివరి మీట నొక్కబోయి ఆగిపోయింది.

రెండు మాటలు. ఒకటి ఆపేది, ఒకటి ఎత్తేది. ఈ మాట ఏది? చెప్పింది రెండు వైపులా పని చేసే మనిషి. ఆమె తమ్ముడు ఇంకా వెర్నర్ చేతుల్లోనే ఉన్నాడు. ఐదింటికి నేను యాడ ఉంటనో చూడు.

రత్నమాల కిటికీ వైపు తిరిగి కిందికి చూసింది. పసుపు చీరల గుంపుకు అందరికన్నా ముందు, సరిగ్గా మధ్య గేటు ఎదుట, ఇసుకలో ఒక మనిషి చెప్పుల్లేకుండా నిలబడి ఉంది. నల్ల కళ్లద్దాలు లేవు. నెత్తిన బోనం. అందరూ పోచమ్మ గద్దె వైపు చూస్తుంటే ఆమె ఒక్కతే తల ఎత్తి గేట్ల వైపు చూస్తోంది. నీళ్లొస్తే మొదట కొట్టుకుపోయేది ఆమే.

రత్నమాల మీట నొక్కింది.

స్క్రీన్ మీద ఒక మాట వచ్చింది: డిసార్మ్‌డ్. దాని పక్కనే మిగిలిన టైము: రెండు సెకన్లు. కీచుమనడం ఆగింది. ఎర్ర లైటు ఆరిపోయింది. నర్సన్న వెర్నర్ మీద కూర్చునే ఏడ్చాడు, సిగ్గుపడకుండా ఏడ్చాడు.

రత్నమాల గడియారం చూసుకుంది. వైరు ఊడి నిజానికి అర నిమిషం ఎప్పుడో దాటిపోయింది. పదహారు క్రిస్టల్ ఉండి ఉంటే, ఆమె కిటికీ వైపు తల తిప్పినప్పుడే గేట్లు లేచేవి. డబ్బా అర నిమిషం బయటి గడియారంలో నలభై సెకన్లు. ఆ పది సెకన్లు సిరిసిల్లవి.

కింద బోనాలు దించుతున్నారు. తమ తల మీది నుంచి ఏం పోయిందో అక్కడ ఒక్కరికి తప్ప ఎవరికీ తెలియదు. శ్వేత తన బోనం చెక్కుచెదరకుండా దించిందని నర్సన్న కిటికీలోంచి చూసి కళ్లు తుడుచుకున్నాడు.

తర్వాత సంగతులు శాఖ భాషలో చాలా పొడుగ్గా ఉంటాయి, ఇక్కడ పొట్టిగా చెప్పుకోవచ్చు. ఐదింటికి డెమో మొదలవుతుందని స్క్రీన్ల ముందు కూర్చున్న నాలుగు దేశాల పార్టీలు, ఇప్పుడు లేస్తాయి, అప్పుడు లేస్తాయి అని చీకటి పడేదాకా కట్టేయకుండా చూశాయి. ట్రేస్ చేసేవాళ్లకు అంత తీరిక ఎన్నడూ దొరకలేదు. అందరూ దొరికారు. క్యాంపు తాళాలు తెరుచుకున్నాయి, రమేశ్ పాస్‌పోర్టు రమేశ్ చేతికి వచ్చింది. ఆ సంగతి ఫోన్‌లో విన్న సింధూజ కళ్లద్దాలు కిందికి దించుకుని చాలాసేపు తీయలేదు.

సేటు స్వయంగా సిరిసిల్ల వచ్చాడు. ఆజ్ఞ మీరినందుకు సంజాయిషీ ఇవ్వమని ఒక మాట, బాగా చేశావని ఒక మాట అని, రెండోది మొదటిదానికన్నా మెల్లగా అన్నాడు. రత్నమాల సంజాయిషీ ఇవ్వనంది. ఎర్రవాగు ఎంత పెద్దదో ఒకసారి ఇసుకలో నిలబడి చూసి రమ్మంది. ఆయన వెళ్లి చూసి వచ్చాడు. ఇక సంజాయిషీ మాట ఎత్తలేదు.

వెళ్లేముందు ఇద్దరూ సామేలు షాపుకు పోయారు. ఇంటరాగేషన్‌లో వెర్నర్ ముఠా పేర్లు చెప్పడం కన్నా, తన డబ్బాను పాడు చేసిన మెకానిక్‌ను తిట్టడానికే ఎక్కువ టైము తీసుకున్నాడని సేటు చెప్పాడు. సామేలు సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టి, అంతా శ్రద్ధగా విని, గడ్డం గోక్కున్నాడు.

"ఇన్నేండ్ల సంది రిపేర్లు చేస్తున్న బిడ్డా," అన్నాడు. "నా పని మీద ఫారిన్ నుంచి కంప్లైంట్ అచ్చుడు గిదే మొదలు."